తాబేటి పథ్యము

చిత్తూరు జిల్లా పశ్చిమభాగమున, కర్ణాటక సరిహద్దునకు చేరువగా, బైరెడ్డిపల్లె యను ఊరు కలదు. పలమనేరు నుండి కుప్పము వైపునకు వ్యాపించిన ఎత్తైన మెట్టనేల యది. అచ్చటి పొలములలో టమాటా, వేరుసెనగ, రాగి పండును; పట్టుపురుగుల కొఱకు మల్బరీ తోటలను కూడ పెంచుదురు. పొలములు ముగిసిన చోట గుట్టలును, వానిమీద తుమ్మ, రేగు, బలుసు పొదలతో నిండిన చిట్టడవియు మొదలగును. ఈ ప్రాంతపు అడవులలో 1990వ సంవత్సరమున కౌండిన్య వన్యప్రాణి సంరక్షణాలయము ఏర్పడినది. ఏనుగుల మూలమున దానికి పేరు వచ్చెను. కాని ఆ యడవిలో నడచువాని పాదముల ప్రక్కనే యుండియు వాని కంటబడని జీవి యొకటి కలదు. అదియే నక్షత్ర తాబేలు. మెట్ట తాబేలనియు దానిని పిలుతురు.

దాని పైచిప్ప నల్లని పలకలతో కూడి యుండును. ప్రతి పలక నడుమను పసుపుపచ్చని మచ్చ యొకటి, ఆ మచ్చ నుండి నలుదెసలకు కిరణముల వలె సాగిన పసుపు గీతలు. అఱచేతిలో నుంచుకొని చూచినపుడు ఇంత కొట్టవచ్చినట్లు కనబడు ప్రాణి అడవిలో ఎట్లు దాగునని సందేహము కలుగును. ఎండుగడ్డిలో విడిచి చూడుడు. ఆ గీతలు గడ్డిపోచలతోను వాని నీడలతోను కలిసిపోవును. రెండడుగుల దూరములో నున్నను మన కన్ను దానిని రాతిముక్క యని దాటిపోవును.

వేసవి మధ్యాహ్నములందు అది పొదల క్రింద కదలక పడియుండును. తెల్లవాఱుజామునను సాయంకాలమునను మాత్రమే మేతకు వెడలును. తొలకరి కురిసినంతనే దానికి క్రొత్త ప్రాణము వచ్చినట్లగును. నేల చల్లబడి గరిక చివురించిన దినములలో అది పగలంతయు తిరుగుచు గడ్డిని, లేత ఆకులను, రాలిన పూలను, పండ్లను, నాగజెముడు మట్టలను కొఱికి తినును. ఎప్పుడైన చచ్చిన పురుగో మఱియొకటో దొరికిన వదలిపెట్టదు గాని, దాని జీవనమంతయు ముఖ్యముగా పచ్చిమేత మీదనే గడచును. ఆ మేత పీచు మెండుగను, తీపి తక్కువగను ఉండునది. దాని పొడవైన ప్రేగులలో నుండు సూక్ష్మజీవులు ఆ పీచును మెల్లమెల్లగ పులియబెట్టి సారమును తీయును. ఇది మనము గుర్తుంచుకొనవలసిన సంగతి.

ఇంత నెమ్మదియైన జీవికి కష్టము దాని అందము వలననే వచ్చినది. ఇంట తాబేలున్నచో కలిసివచ్చునని కొందఱు నమ్ముదురు. విష్ణువు కూర్మావతారమెత్తెనని మన పురాణములు చెప్పును; శ్రీకాకుళము జిల్లాలోని శ్రీకూర్మము ఆలయములో నక్షత్ర తాబేళ్లను చాలకాలముగ పోషించుచున్నారు. భక్తితో చూచువారి మాట యటుండనిండు. విదేశములలో వీనిని వినోదము కొఱకు పెంచుకొనువారు అనేకులు. వారికి అమ్ముటకై చిట్టడవులలో ఏరి, సంచులలో కుక్కి, విమానములలో దొంగతనముగ పంపువారు బయలుదేఱిరి. 2015లో ప్రకటింపబడిన యొక పరిశీలనములో, భారతదేశమందలి ఒక్క వ్యాపారకేంద్రము నుండియే యేడాదికి కనీసము 55,000 నక్షత్ర తాబేళ్లు అడవి నుండి తరలిపోవుచున్నట్లు తేలెను. 2019లో ప్రపంచదేశములు కూడి ఈ తాబేళ్ల అంతర్జాతీయ వ్యాపారమును నిషేధించినవి. మన దేశమున 1972వ సంవత్సరపు వన్యప్రాణి సంరక్షణ చట్టము ప్రకారము దీనిని పట్టుట, అమ్ముట, ఇంట నుంచుకొనుట నేరము.

అయినను నేటికిని కొన్ని యిండ్లలో నీళ్లతొట్టి చాటుననో, మేడమెట్ల క్రిందనో ఒక తాబేలు తిరుగుచునే యుండును. దానిని తెచ్చినవారు క్రూరులనుకొనరాదు. వారు దానిని ముద్దుగనే చూతురు. సిమెంటు గచ్చు మీద విడుతురు. రాత్రి గంపక్రింద మూయుదురు. తాము తినునది దానికిని పెట్టుదురు. పాలన్నము, పెరుగన్నము, దోసకాయ ముక్క, అన్నిటికంటె ఎక్కువగ టమాటా. మదనపల్లె టమాటా విపణి దేశమందంతట ప్రసిద్ధము. ఈ ప్రాంతమున ధర పడిపోయిన దినములలో గంపలకొలది టమాటాలు రోడ్డుప్రక్కన పాఱబోయుట మీరు చూచియే యుందురు. ఎఱ్ఱని ఆ పండును చూచినంతనే తాబేలు పరుగెత్తి వచ్చును, మూతి యంతయు రసము పూసికొని తినును. ఇంటివారు సంతసింతురు. ఇష్టముగ తిన్నది ఒంటికి పట్టుననుట మనకు అలవాటైన ఆలోచన.

ఈ పొరపాటు వెంటనే బయటపడదు. సరీసృపముల విషయమున చిక్కంతయు ఇచ్చటనే యున్నది. ఆకలిగొన్న కుక్క మొఱిగి తెలుపును, ఆవు అంబా యని యఱచును, తాబేలు నోరెత్తదు. దాని శరీరము మన శరీరము వలె తనంతట తాను వేడిని పుట్టించుకొనదు. ఎండ నుండి, నేల నుండి గ్రహించును. అందువలన దానికి స్వల్పమైన ఆహారముతోనే నెలలు గడచును, చెడ్డ ఆహారముతో ఏండ్లు గడచును. లోపల ఎముక కరగిపోవుచున్నను పైకి అంతయు సవ్యముగనే కనబడును. ఒకనాడు అది నడచుచు నడచుచు ఆగిపోవును. పొట్ట నేలను రాచుచుండగా కాళ్లతో ప్రాకును. బొటనవ్రేలితో చిప్ప అంచును మెల్లగ నొక్కినచో అట్టముక్క వలె లోనికి వంగును. కనుఱెప్పలు ఉబ్బి మూసికొనిపోవును. అప్పుడు గాని ఇంటివారికి భయము పుట్టదు.

ఏల యిట్లగును? ఎముకకును చిప్పకును గట్టిదనము నిచ్చునది కాల్షియము. అయితే కాల్షియము ఎముకలకు మాత్రమే పనికివచ్చునది కాదు. కండరము బిగియుటకు, నరము వార్త నందించుటకు, గుండె కొట్టుకొనుటకు అది నెత్తురులో నియమితమైన పాళ్లలో నిత్యము ఉండి తీరవలెను. ఆహారము వలన అది చాలినంత చేరనపుడు, మెడలోని పారాథైరాయిడ్ అను చిన్న గ్రంథులు ఒక రసమును విడుచును. ఆ రసము ఎముకలలోని నిలువ నుండి కాల్షియమును తీసి నెత్తురులోనికి పంపును. గుండె ఆగకుండ ఎముకను అమ్ముకొని బ్రతుకుట యన్న మాట. ఇల్లు జరుగుటకై దూలములను ఒక్కొక్కటిగ పీకి అమ్మువాని సంసారము ఎన్నాళ్లు నిలుచును?

కాల్షియము తక్కువ యగుట యొక్కటియే కాదు, భాస్వరము ఎక్కువ యగుటయు ఈ కీడునే చేయును. తాబేటి మేతలో భాస్వరమునకు కనీసము రెండింతలు కాల్షియ ముండుట మేలని పశువైద్యులు చెప్పుదురు. టమాటాలో ఈ లెక్క తలక్రిందులు. కాల్షియము కంటె భాస్వరమే రెండింతలుండును. అన్నములో మఱింత అధ్వాన్నము. మల్బరీ ఆకులో నన్ననో, భాస్వరము కంటె కాల్షియము అనేక రెట్లు ఎక్కువ. ఒకే ఊరి పొలములలో గట్టుకు ఈవల టమాటా, ఆవల మల్బరీ! తాబేలునకు కావలసినది గట్టునకు ఆవల నున్నది. దానికి పెట్టినది ఈవలది.

ఇచ్చట మన ప్రాంతపు విద్యార్థి యొక ప్రశ్న వేయవచ్చును. రాగులలో కాల్షియము మెండని చెప్పుదురు గదా, సంగటి ముద్ద పెట్టిన తప్పేమి? రాగులలో తక్కిన ధాన్యముల కంటె కాల్షియము ఎక్కువ యనుట నిజమే. మనకది మంచి ఆహారము. కాని దానిలో భాస్వరమును దాదాపు అంతే కలదు. అదియును గాక, గడ్డిని పులియబెట్టుటకు ఏర్పడిన ప్రేగులలో పిండిపదార్థము పడినచో అక్కడి సూక్ష్మజీవుల సమతూకము చెడి విరేచనములు పట్టుకొనును. పాల సంగతియు నిట్టిదే. తల్లిపాలు త్రాగి పెరుగని జీవికి పాలలోని చక్కెరను అరిగించు శక్తి యెట్లుండును? కొందఱు బలము కొఱకని కుక్కల ఆహారమును, గ్రుడ్డును పెట్టుదురు. మాంసకృత్తులు మితిమీరినచో మూత్రపిండములు అలసి, యూరిక్ ఆమ్లము కీళ్లలో పేరుకొనును.

కాల్షియము తిన్నంత మాత్రమున చాలదు. ప్రేగు దానిని నెత్తురులోనికి పీల్చుకొనుటకు విటమిన్ డి తోడు కావలెను. ఎండలోని అతినీలలోహిత కిరణములు చర్మమును సోకినపుడు ఆ విటమిన్ దేహములోనే తయారగును. మెట్ల క్రింద నుండు తాబేలునకు ఆ యెండ లేదు. కిటికీ దగ్గఱ నుంచితిమని కొందఱు చెప్పుదురు. అద్దము వెలుతురును రానిచ్చును, వెచ్చదనమును కొంత రానిచ్చును. విటమిన్‌ను తయారుచేయు కిరణములను మాత్రము ఆపివేయును.

ఈ యెఱుక మనుష్యులకు సులభముగ కలుగలేదు. పందొమ్మిదవ శతాబ్దమున లండను జంతుప్రదర్శనశాలలో సింహపు కూనలు కాళ్లు వంకరలై, లేచి నిలువలేక చచ్చుచుండెను. వానికి పెట్టునది ఎముకలేని మెత్తని మాంసము. ఖరీదైన ఆహారమే! 1889లో జాన్ బ్లాండ్-సటన్ అను శస్త్రవైద్యుడు వానికి పొడిచేసిన ఎముకలు, పాలు, కాడ్ చేప కాలేయపు నూనె పెట్టించెను. మూడు నెలలలో కూనలు కోలుకొనెను. ఏ సారము వానిని బ్రతికించినదో ఆనాడు ఆయనకును తెలియదు. 1919లో బెర్లిను నగరమున హుల్డ్‌షిన్‌స్కీ యను వైద్యుడు ఎముకలు వంగిన పిల్లలను అతినీలలోహిత దీపము ముందు కూర్చుండబెట్టి బాగుచేసెను. 1922లో అమెరికాలో మెకాలమ్ మొదలగువారు చేపనూనెలోని ఆ సారమును వేఱుగ గుర్తించిరి. దానికే విటమిన్ డి యని పేరు. మనుష్య శిశువునకు, సింహపు కూనకు, తాబేలునకు ఒకే రోగము, ఒకే మందు.

విదేశములలో ఈ రోగము మఱియొక జీవిలో తఱచుగ కనబడును. ఆస్ట్రేలియాలోని ఎండుభూములలో పుట్టిన బియర్డెడ్ డ్రాగన్ అను బల్లిజాతి జీవి అది. మన కంచెల మీద తల యూపుచు కూర్చుండు తొండయు, అదియు ఒకే కుటుంబమునకు చెందినవి. కోపము వచ్చినపుడు దాని గొంతు క్రింది ముండ్లచర్మము ఉబ్బి గడ్డమువలె నల్లబడును. అందుచే ఆ పేరు. దానిని గడ్డపు తొండ యనవచ్చును. నేడు అమెరికా, ఐరోపా దేశములలో అనేక గృహములందు దీనిని గాజుపెట్టెలో పెంచుచున్నారు. కొద్ది నెలల వేడుక తీరిన తరువాత పెట్టెను మూలకు నెట్టుటయు కలదు. చిన్నతనమున అది ముఖ్యముగ పురుగులను తినును, పెద్దదైన కొలది ఆకుకూరల వైపు మళ్లును. దానికి వట్టి ఇలకోళ్లను పెట్టుచు పోయినచో, ఇలకోడి దేహములో కాల్షియము కంటె భాస్వరము ఎన్నో రెట్లుండుటచే, ఎముకలు డుల్లిపోవును. అప్పుడు ఒక వింత జరుగును. మెత్తబడిన ఎముకను ఆదుకొనుటకై దేహము దాని చుట్టు నారవంటి కణజాలమును పేర్చును. తొడలు లావుగ కనబడును. యజమాని అది బలిసినదని మురియును! తెలిసినవారు మాత్రము దవడను తాకి చూతురు. అది రబ్బరు వలె వంగును, కాలివ్రేళ్లు సన్నగ వణకును. అట్టి తొండను బ్రతికించువారు ఇలకోళ్లకు ముందుగ ఒకటి రెండు దినములు ఆకుకూరలు మేపి, పైన కాల్షియపు పొడి చల్లి, తొండకు అందింతురు. పెట్టెలో అతినీలలోహిత దీపమును వెలిగింతురు. కాచుకొనుటకు నలుబది డిగ్రీల వేడి గల తావు నొకటి ఏర్పఱతురు.

ఇక మన తాబేలు దగ్గఱకు వత్తము. అటవీశాఖవారు ఒక యింటి నుండియో, బస్సులో పట్టుబడిన సంచి నుండియో తెచ్చి సంరక్షకుని కప్పగించిన తాబేలొకటి యున్నదనుకొందము. కండ్లు మూసికొని, చిప్ప మెత్తబడి, తల లోనికి ముడుచుకొని యున్నది. చూచినవానికి మొదట తోచునది మేత పెట్టవలెననియే. నేర్పుగలవాడు ఆ పని చేయడు.

మొదట వెచ్చదనము. మార్గశిర పుష్య మాసములలో ఈ మెట్టసీమ రాత్రులు బాగుగ చల్లబడును. చల్లబడిన తాబేటి కడుపులో జీర్ణరసములు పనిచేయవు. తిన్నది అచ్చటనే కుళ్లును. కావున దానిని ఎండుగడ్డి పఱచిన పెద్దపెట్టెలో నుంచి, ఒక చివర దీపముతో ముప్పది డిగ్రీలకు అటునిటుగ వేడి నిలుపుదురు. రెండవ చివర చల్లగనే వదలుదురు. ఏ చోటు కావలెనో తాబేలే ఎంచుకొనును. ఈ ఎంపిక దానికి విడిచిపెట్టుట మంచి సంరక్షకుని లక్షణము.

తరువాత నీరు. వెడల్పైన పళ్లెములో గోరువెచ్చని నీరు పోసి తాబేలును అందులో నిలుపుదురు. నీరు గడ్డము క్రిందనే యుండవలెను. మెట్ట తాబేలునకు ఈత రాదు. పావుగంట గడచునప్పటికి చాల తాబేళ్లు మెడ చాచి, ముక్కు నీట ముంచి, గుటకలు వేయును. గొంతు కదలుట బయటికి కనబడును. పిమ్మట తెల్లని సుద్ద వంటి పదార్థమును విసర్జించును. అది మూత్రములోని యూరిక్ ఆమ్లపు లవణము. గట్టిగ ఇసుకరేణువుల వలె పడినచో దేహము మిక్కిలి ఎండియున్నదని అర్థము; దినదినమును మెత్తబడుచు వచ్చినచో నీరు పట్టుచున్నదని అర్థము. కొన్ని దినములు ప్రతి ఉదయము ఈ స్నానమే ముఖ్యమైన చికిత్స. కండ్లు తెఱచుట తఱచు ఈ నీటితోనే మొదలగును.

వణకు ఎక్కువగ నున్నను, కాళ్లు ఈడ్చుచున్నను, అది పశువైద్యుని పని. నెత్తురులోని కాల్షియము ఆ స్థితిలో అడుగంటి యుండును. ఆయన కొలత ప్రకారము ద్రవరూపమున గాని సూదిమందుగ గాని ఇచ్చును. విటమిన్ డి మందును స్వబుద్ధితో ఇచ్చుట ప్రమాదము. అది మోతాదు మించినచో కాల్షియము మూత్రపిండములలోను నెత్తురు గొట్టములలోను గట్టిపడి, రోగము కంటె వైద్యమే ప్రాణము తీయును. ఎండ వలన పుట్టు విటమిన్‌కు ఈ భయము లేదు. చాలినంత తయారైన వెంటనే చర్మమే ఆ పనిని అదుపుచేయును. అందుచే ఉదయపు లేత యెండలో, ప్రక్కనే నీడ యుండునట్లు చూచి, తాబేలును విడుతురు.

అప్పుడు మేత. చాలకాలము పస్తున్న దేహమునకు ఒక్కసారిగ కడుపునిండ పెట్టరాదు; నెత్తురులోని లవణములు తారుమాఱై కీడు కలుగును. మొదట కొద్దిగ మెత్తని మేత. నాగజెముడు మట్టను ముండ్లును, వాని మొదట నుండు సన్నని నూగుముండ్లును పోవునట్లు కాల్చి, చెక్కి, ముక్కలు చేసి పెట్టుదురు. దానిలో నీరును కాల్షియమును రెండునుండును. పాలు కారు ఇతర జెముళ్లు విషము. వానిని దగ్గఱకు రానీయరు. తరువాత మందార పూలు, ఆకులు, లేత మల్బరీ ఆకు, మునగాకు, గరిక. మల్బరీ ఆకునకు మఱియొక మేలు కలదు. పురుగుమందు తగిలినచో పట్టుపురుగులు చచ్చును గనుక రైతు ఆ తోటలో మందు చల్లుటకు సాధారణముగ జంకును. పాలకూరను తోటకూరను మాత్రము తఱచు పెట్టరు. వానిలోని ఆక్సాలిక్ ఆమ్లము కాల్షియమును పట్టి బంధించును.

ఇంత యేర్పాటు చేసినను తాబేలు తినదు! టమాటా రుచి మరగిన నాలుక దానిది. పచ్చని ఆకును వాసన చూచి మొగము త్రిప్పుకొనును. సంరక్షకుని ఓర్పునకు ఇదియే పరీక్ష. అతడు మల్బరీ ఆకులను సన్నగ తరిగి, టమాటా రసమును కొద్దిగ పూసి ముందుంచును. తాబేలు ఎఱ్ఱదనమును చూచి కొఱుకును. దానితో నాలుగు ఆకుముక్కలును నోటిలో పడును. మఱునాడు రసము కొంచెము తగ్గును, ఆకు కొంచెము పెరుగును. రెండు మూడు వారములు ఈ మోసము సాగవలెను. తుదకు రసములేని ఆకును కూడ అది తినును. చంటిపిల్లలకు మందు త్రాగించిన తల్లులకు ఈ విద్య క్రొత్త కాదు.

ఆకుల మీద వారమునకు కొన్నిసార్లు చిటికెడు కాల్షియపు పొడి చల్లుదురు. కోడిగ్రుడ్డు పెంకులను కడిగి, మరిగించి, ఎండబెట్టి మెత్తగ దంచిన పొడి ఇందుకు చాలును. సముద్రపు నురుగని అంగళ్లలో అమ్ము తెల్లని బిళ్లయు మంచిదే; అది ఒక సముద్రజీవి లోపలి చిప్ప. తాంబూలమునకు వాడు సున్నమును మాత్రము ముట్టరాదు. పేరు ఒకటే యైనను గుణము వేఱు. అది నోటిని, ప్రేగును పొక్కించును.

వారమునకొకమాఱు తూచి, బరువును పుస్తకములో వ్రాసికొందురు. మొదటి వారము 500 గ్రాములున్న తాబేలు రెండవ వారము 530 గ్రాములు తూగినచో అది నీటి బరువే గాని కండ కాదు. నెలలు గడచిన కొలది కొద్దికొద్దిగ పెరుగుటయే ఆరోగ్యము. త్వరగ బరువెక్కించుట ఘనకార్యము కాదు. కోలుకొనుటలో ఒక వరుస కనబడును. మొదట కండ్లు, తరువాత దప్పిక, తరువాత నడక, ఆ పిమ్మట ఆకలి. పొట్ట నేలకు తగులకుండ నాలుగు కాళ్ల మీద లేచి నడచిన దినము సంరక్షకునికి పండుగ. చిప్ప గట్టిపడుట అన్నిటికంటె కడపటిది. దానికి నెలలు పట్టును, ఒక్కొక్కప్పుడు ఏడాది దాటును.

చిప్పను గూర్చి యొక మాట చెప్పవలెను. బందీగ పెరిగిన తాబేళ్ల పలకలు కొన్ని గోపురముల వలె కూచిగ లేచియుండును. నక్షత్ర తాబేటి పలకలు సహజముగనే కొంత ఎత్తు గలవి. కాని ఇది ఆ యెత్తు కాదు. మాంసకృత్తులు ఎక్కువగుట వలననే ఇట్లు జరుగునని పెక్కేండ్లు అనుకొనిరి. ఆస్ట్రియా దేశమున ఆఫ్రికా తాబేళ్ల పిల్లల మీద జరిపి 2003లో ప్రకటించిన పరిశోధన వలన, ఆహారము కంటె గాలిలోని తేమ కొఱవడుటయే దీనికి పెద్ద కారణమని తెలిసెను. వానకాలపు తడిగడ్డిలో పెరుగవలసిన పిల్లను పొడి గచ్చు మీద పెంచుట వలని ఫలమన్న మాట. ఒకసారి లేచిన గోపురము మరల అణగదు. పలక ఎప్పుడును అంచున పెరుగును. కావున మంచి మేత, తేమ, ఎండ దొరికిన నాటి నుండి పుట్టు క్రొత్త అంచు నునుపుగ, సమముగ వచ్చును. అట్టి తాబేటి చిప్పను చూచి, అది ఎంత కాలము కష్టపడినదో, ఏనాటి నుండి కోలుకొన్నదో పశువైద్యుడు చదువగలడు.

కోలుకొన్న తాబేలును సమీపపు గుట్ట మీద విడిచి రావచ్చునా? కూడదు. దాని ఊపిరితిత్తులలో దాగియున్న రోగము అడవి తాబేళ్లకు అంటవచ్చును. అది గుజరాతు నుండి వచ్చినదో, తమిళనాడు నుండి వచ్చినదో తెలియకుండ ఇచ్చటి తాబేళ్లతో కలుపుటయు మంచిది కాదు. పరీక్షలు చేసి, తగిన అడవిని నిర్ణయించి విడుచుట అటవీశాఖవారి పని. అందువలననే ఇంటిలోనో దారిలోనో ఇట్టి తాబేలు కనబడినపుడు దానిని తెచ్చి పెంచుటయు, తోచినచోట విడుచుటయు మానివేసి, వారికి తెలియజేయవలెను. 2018వ సంవత్సరము నవంబరు మాసములో, దొంగరవాణా వలన సింగపూరు చేరిన 51 నక్షత్ర తాబేళ్లను విమానములో బెంగుళూరునకు తిరిగి తెచ్చిరి. బైరెడ్డిపల్లె మెట్టలకు అది ఎంతో దూరము కాదు. ఏ దారిన అవి సముద్రము దాటి పోయినవో ఆ దారినే తిరిగివచ్చినవి. ఈసారి సంచులలో కాదు, కాగితములతో.

అన్ని తాబేళ్లకును ఆ భాగ్యము లేదు. కాళ్లు వంకరపోయి గట్టిపడినవి పొదలలో నడువలేవు. చిప్ప వంగి కటి ఇఱుకైన ఆడ తాబేలునకు గ్రుడ్డు పెట్టుట ప్రాణాంతకము. వానిని జీవితాంతము కాపాడవలసినదే. తాబేటి జీవితము పదుల సంవత్సరముల కొలది సాగునది. తొలినాడు దానిని గోరువెచ్చని నీట నిలిపిన యువకుడు తల నెఱసిన తరువాతను ప్రతి ఉదయము కొడవలి తీసికొని గట్టునకు ఆవలనున్న మల్బరీ తోటకు వెళ్లి, మంచు తడి యారని ఆకులు గుప్పెడు కోసి తెచ్చుచుండవలెను.